మలయాళ సినిమా నిన్న మొన్న ఎదిగినదేనా?

తెనాలి రైలు

ఈ మధ్య సినిమా గురించి ఎక్కడ మాట్లాడుకున్నా ఒకటే మాట వినిపిస్తోంది. లాక్‌డౌన్ వచ్చింది, ఓటీటీ వచ్చింది, మలయాళ సినిమా లేచి నిలబడింది అని. ఈ మాట నాకు మింగుడు పడదు. మనం చూడటం మొదలుపెట్టిన రోజునే వాళ్లు తీయడం మొదలుపెట్టారని అనుకోవడం ఎంత అన్యాయం!

మా తెనాలి ఆడపడుచు శారద గారు 1965 నాటికే మలయాళంలో నటిస్తున్నారు. 1968లో వచ్చిన 'తులాభారం' ఆమెకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చింది. ఆ రోజుల్లో ఆ పురస్కారం పేరే 'ఊర్వశి'. తోప్పిల్ భాసి నాటకం నుంచి పుట్టిన సినిమా అది. మరుసటి ఏడాదే దాన్ని మనవాళ్లు 'మనుషులు మారాలి'గా తీశారు. ఇక్కడ హాస్య పాత్రలకే పరిమితమైన నటిని కథ మొత్తం మోయగల మనిషిగా చూసింది ముందు కేరళ, ఆ తర్వాతే మనం. 1972లో అడూర్ గోపాలకృష్ణన్ తొలి చిత్రం 'స్వయంవరం'తో ఆమెకు రెండోసారి అదే గౌరవం దక్కింది.

ఇంకొక మాట. 'చెమ్మీన్' (1965) చూసినవాళ్లకు ఆ సముద్రం గుర్తుండే ఉంటుంది. దాన్ని కెమెరాలో పట్టింది మార్కస్ బార్ట్‌లీ. మన 'మాయాబజార్'లో వెన్నెల కురిపించిన చేయి అదే.

కాబట్టి ఇది కొత్త ఎదుగుదల కాదు, ఎన్నో దశాబ్దాల సాగు. అది ఎలా జరిగిందో తెలిసినవాళ్లు వివరంగా రాయండి. 'వాళ్ల సినిమాలు సహజంగా ఉంటాయి' అని ఒక్క ముక్కలో తేల్చేయవద్దని మనవి. ఆ సహజత్వం ఎక్కడ నుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న.

వెన్నెల వాకిలి

మంచి చర్చ మొదలుపెట్టారు. అయితే 1965 దగ్గర మొదలుపెడితే ఒక మనిషి కనిపించకుండా పోతుంది. నేను ఆమె దగ్గరే మొదలుపెడతాను.

తొలి మలయాళ చిత్రం 'విగతకుమారన్' మూకీ. తీసినది జె.సి. డేనియల్, దంతవైద్యం చదివిన మనిషి. భూమి అమ్మి ఆ డబ్బుతో తిరువనంతపురంలో స్టూడియో పెట్టాడు. పురాణ కథలు రాజ్యమేలుతున్న కాలంలో ఆయన సాంఘిక కథ ఎంచుకున్నాడు. అందులో నాయర్ యువతి పాత్ర వేసింది పి.కె. రోజీ అనే దళిత స్త్రీ. తిరువనంతపురం క్యాపిటల్ థియేటర్‌లో తొలి ప్రదర్శన. ఒక దళిత స్త్రీ అగ్రకుల స్త్రీగా తెరమీద కనిపించడాన్ని ప్రేక్షకుల్లో కొందరు సహించలేక తెరమీదికి రాళ్లు విసిరారు. రోజీ మీద కక్ష కట్టారు. ఆమె ప్రాణభయంతో తమిళ ప్రాంతానికి పారిపోయి, వేరే పేరుతో బతుకు గడిపింది. మళ్లీ ఏ సినిమాలోనూ కనిపించలేదు. డేనియల్ కూడా అప్పులపాలై సినిమాకు దూరమయ్యాడు. ఆ చిత్రం ప్రతి ఒక్కటీ మిగల్లేదు.

ఇప్పుడు కేరళ ప్రభుత్వం సినిమా రంగంలో జీవితకాల సేవకు ఇచ్చే అత్యున్నత పురస్కారం డేనియల్ పేరు మీదే ఉంది. ఆయన బతికి ఉండగా మాత్రం ఆ గుర్తింపు దక్కలేదు. ఒక పరిశ్రమ ఎదుగుదల గురించి చెప్పేటప్పుడు దాని మొదటి కథానాయికను తరిమేసిన సంగతితోనే చెప్పాలని నా పట్టుదల.

కాగితపు పడవ

చిన్న చేర్పు. 'విగతకుమారన్' విడుదల 1928 అని కొందరు, 1930 అని కొందరు రాస్తారు. పరిశోధకుల మధ్య ఆ వాదం ఇంకా ఉంది. రెండో చిత్రం 'మార్తాండవర్మ' 1933లో వచ్చింది. సి.వి. రామన్ పిళ్ల నవల ఆధారం. నవల హక్కులు ప్రచురణకర్త దగ్గర ఉండగా అనుమతి లేకుండా తీశారని వ్యాజ్యం పడి ప్రదర్శన ఆగిపోయింది. అలా స్వాధీనం చేసుకున్న ప్రతి ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడి, ఇప్పుడు పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో భద్రంగా ఉంది. కోర్టు ఆపేయడం వల్లే ఆ సినిమా బతికి బట్టకట్టింది. మన తెలుగు మూకీల్లో ఇప్పుడు చూడటానికి ఏమి మిగిలిందో ఆలోచిస్తే బాధేస్తుంది.

తొలి టాకీ 'బాలన్' (1938) తీసింది తమిళనాట సేలంలోని మోడరన్ థియేటర్స్ వాళ్లు. అంటే టాకీల మొదటి పదేళ్లలో ఆ భాషకు సొంత ఇల్లు లేదు. 1947లో కుంచాకో అలప్పుళలో ఉదయా స్టూడియో, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే పి. సుబ్రహ్మణ్యం తిరువనంతపురం నేమంలో మెరీలాండ్ స్టూడియో కట్టాక గానీ సినిమా కేరళ గడ్డ మీద స్థిరంగా పాదం మోపలేదు.

కొచ్చి కొలువు

ఉద్యోగరీత్యా ఎర్నాకుళంలో స్థిరపడ్డ తెలుగువాడిని. తెనాలి రైలు గారు అడిగిన ప్రశ్నకు నాకు తోచిన జవాబు: పుస్తకం, నాటకం, ఫిల్మ్ సొసైటీ. ఈ మూడూ ఒకదానికొకటి అల్లుకున్నాయి.

ముందు పుస్తకం. 1954లో వచ్చిన 'నీలక్కుయిల్' కథ రాసింది ఉరూబ్, పేరున్న నవలాకారుడు. దర్శకులు ఇద్దరు: కవి పి. భాస్కరన్, రాము కారియాట్. అంటరానితనం ఇతివృత్తంగా, కేరళ పల్లె యాసలో, కేరళ పల్లె పాటతో వచ్చిన సినిమా. రాష్ట్రపతి రజత పతకం పొందింది. 'చెమ్మీన్' రచయిత తకళి శివశంకర పిళ్ల నవల. దానికి రాష్ట్రపతి స్వర్ణ పతకం వచ్చింది. దక్షిణాది చిత్రాల్లో ఆ పతకం అందుకున్న మొదటిది అదే. ఎం.టి. వాసుదేవన్ నాయర్ తానే రాసి తానే తీసిన 'నిర్మాల్యం' (1973)కీ జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారమే. అక్కడ పెద్ద రచయితలు సినిమాకు రాయడాన్ని దిగజారుడుగా చూడలేదు. నేటికీ ఇక్కడి పుస్తకాల దుకాణాల్లో స్క్రీన్‌ప్లేలు నవలల పక్కనే అమ్ముతారు. ఎం.టి. స్క్రీన్‌ప్లేలను కథలు చదివినట్లు చదివే ఇల్లాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

తర్వాత నాటకం. కేపీఏసీ అనే నాటక సమాజం, తోప్పిల్ భాసి రచనలు, భూసంస్కరణల పోరాటాల రోజులు. ఆ నాటకాల నుంచి వచ్చిన నటులకు సంభాషణ మామూలు మనిషిలా పలకడం ముందే అలవాటు.

ఇక ఫిల్మ్ సొసైటీ. 1965లో అడూర్ గోపాలకృష్ణన్, కుళత్తూర్ భాస్కరన్ నాయర్ తదితరులు చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. ప్రపంచ సినిమాలు తెప్పించి చూపించడం, వాటిపై మాట్లాడుకోవడం, పత్రికలు అచ్చువేయడం. చూసినవాళ్లే సహకార సంఘంగా కలిసి సినిమా తీయడానికి సిద్ధపడ్డారు. 'స్వయంవరం' ఆ చిత్రలేఖ నుంచి వచ్చిందే. తర్వాతి దశాబ్దాల్లో చిన్న చిన్న పట్టణాలకూ సొసైటీలు పాకాయి. పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టర్ మోసుకెళ్లి పాఠశాలల్లో, గ్రంథాలయాల్లో బొమ్మలు వేసేవారు.

వీటన్నిటి కంటే నన్ను కదిలించేది ఒడెస్సా కథ. 1984లో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహామ్, ఆయన మిత్రులు కోళిక్కోడ్‌లో ఒడెస్సా కలెక్టివ్ ప్రారంభించారు. ఊరూరా తిరిగి చాప్లిన్ సినిమా వేసి, చూసినవాళ్లు ఇచ్చిన చిల్లర పోగుచేసి 'అమ్మ అరియాన్' (1986) తీశారు. నిర్మాత లేడు, పంపిణీదారు లేడు. డబ్బు ఇచ్చినవాళ్లే ప్రేక్షకులు. ఆ మరుసటి ఏడాదే జాన్ చనిపోయాడు. ఆయన పేరు చెబితే ఇప్పటికీ ఇక్కడి నడివయసువాళ్ల గొంతు మారిపోతుంది.

నల్గొండ పాఠకుడు

కొచ్చి కొలువు గారూ, చాలా బాగా రాశారు. కానీ మీ వాదంలో ఒక చిక్కు ఉంది. పుస్తకం, నాటకం మనకు లేవా? వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది. గ్రంథాలయోద్యమానికి దేశమంతటా పేరు తెచ్చిన అయ్యంకి వెంకట రమణయ్య మనవారు. హైదరాబాద్ రాజ్యంలో నిజాం పాలన కింద ఆంధ్రోద్యమం గ్రంథాలయాల చుట్టూనే పెరిగింది. ప్రజానాట్యమండలి పల్లెపల్లెకూ తిరిగింది. ఆ మండలి నుంచి సినిమాల్లోకి వచ్చిన నటులు, దర్శకులు ఎంతమంది! చక్రపాణి వంటి సాహితీపరుడు ఒక సంస్థను నడిపాడు. మరి అదే విత్తనం ఇక్కడ వేరే పంట ఎందుకు పండించింది? గ్రంథాలయం ఒక్కటే కారణమైతే మనం కూడా అక్కడే ఉండాలి కదా.

సింగిల్ స్క్రీన్

దీనికి జవాబు నేను చెబుతాను. మా కుటుంబానికి కోస్తాలో థియేటర్ ఉంది. చిన్నప్పటి నుంచి డబ్బాలు, లెక్కలు చూస్తూ పెరిగాను.

2011 జనగణన ప్రకారం కేరళ జనాభా 3.34 కోట్లు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు. తేడా అక్కడే మొదలవుతుంది. మన మార్కెట్ పెద్దది కాబట్టి పెద్ద హీరో, పెద్ద పెట్టుబడి, ఏరియాల వారీ అమ్మకం, మొదటి వారంలోనే రాబట్టాలన్న ఆత్రం. ఏ జిల్లాలోనైనా ఎవరికీ అడ్డుతగలని కథ కావాలి. కాబట్టి కథలో ఊరి పేరు చెరిగిపోయింది, యాస చెరిగిపోయింది. కేరళలో ఎంత ఆడినా వచ్చేది ఇంతే అని నిర్మాతకు ముందే తెలుసు. అందుకే ఖర్చు అదుపులో పెట్టాడు. ఖర్చు తక్కువైనప్పుడు ఒక ఊరి కథ, ఒక కులం వంటగది కథ, ఒక పోలీసు స్టేషన్ కథ తీసే ధైర్యం వస్తుంది. వాళ్ల కళను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ కళకు చోటు ఇచ్చింది చిన్న మార్కెట్.

తెనాలి రైలు

సింగిల్ స్క్రీన్ గారి లెక్కలో బలం ఉంది. అయినా చిన్న మార్కెట్ ఉన్న భాషలు దేశంలో ఇంకా చాలా ఉన్నాయి. అన్నింటిలోనూ ఇలా జరగలేదు. మార్కెట్ చిన్నదైతే ఖర్చు తగ్గుతుంది నిజమే, రుచి దానంతట అది రాదు.

నల్గొండ పాఠకుడు గారి ప్రశ్నకు నాకు తోచినది చెబుతాను. మన ప్రజానాట్యమండలి వాళ్లు మద్రాసు చేరాక స్టూడియో పద్ధతిలో కలిసిపోయారు. మలయాళ సినిమా కూడా చాలాకాలం మద్రాసులోనే తయారైంది. కానీ 1970ల నుంచి అక్కడ ప్రభుత్వమే పూనుకొని దాన్ని ఇంటికి రప్పించింది. 1975లో రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ పెట్టారు, దాని కింద తిరువనంతపురంలో చిత్రాంజలి స్టూడియో వచ్చింది, ప్రభుత్వమే థియేటర్లు కట్టింది. 1998లో చలచ్చిత్ర అకాడమీ ఏర్పడింది. 1996 నుంచి నడుస్తున్న కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ఇప్పుడు ఆ అకాడమీ చేతిలో ఉంది. డిసెంబరులో తిరువనంతపురం వెళ్లినవాళ్లకు తెలుస్తుంది: ఇరాన్ సినిమాకో లాటిన్ అమెరికా సినిమాకో పొద్దున్నే బారులు తీరి నిలబడేది ఆటో డ్రైవర్లు, టీచర్లు, కళాశాల పిల్లలు.

మనకూ స్టూడియోలకు భూములు ఇచ్చారు, నందులు ఇచ్చారు. ప్రేక్షకుణ్ణి తయారుచేసే పని మాత్రం ఎవరూ తమది అనుకోలేదు. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వంటివి ఎంతో నిష్ఠగా నడిచాయి. వాటి చుట్టూ ఇంకో వంద క్లబ్బులు పుట్టి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఎడిటింగ్ బల్ల

అందరూ పురస్కారాల సినిమాల దగ్గరే ఆగిపోతున్నారు. నేను కూర్పు విభాగంలో పనిచేస్తాను. మలయాళ సినిమా మాకు నేర్పింది అడూర్, అరవిందన్ వంటి కళాత్మక చిత్రాల దర్శకుల నుంచి మాత్రమే కాదు. అసలు పాఠం మధ్యేమార్గంలో ఉంది.

భరతన్, పద్మరాజన్, కె.జి. జార్జ్. ఈ ముగ్గురూ 1980లలో వ్యాపార చిత్రాల థియేటర్లలోనే ఆడే సినిమాలు తీశారు. అయితే వాటిలో మనిషిని నలుపు తెలుపుగా విడగొట్టలేదు. కె.జి. జార్జ్ 'యవనిక' (1982) చూడండి. ఒక నాటక సమాజంలో తబలా వాయించేవాడు మాయమవుతాడు. పోలీసు విచారణ మొదలవుతుంది. ఒక్కొక్కరు చెప్పేకొద్దీ అతనెంత దుర్మార్గుడో బయటపడుతుంది. వెతికేది దొరకాలా వద్దా అన్న సందేహం మనకే పుడుతుంది. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ కథనంలో ఒక్క ముడి వదులు కాలేదు. ఆ తర్వాత ఆయనే తీసిన 'ఆదామింటె వారియెల్లు' మూడు తరగతుల స్త్రీల జీవితాలను పక్కపక్కన పెట్టింది.

అదే కాలంలో సత్యన్ అంతికాడ్, శ్రీనివాసన్ జంట నిరుద్యోగి కథను, పార్టీ పిచ్చి పట్టిన కుటుంబాల కథను నవ్విస్తూ చెప్పింది. నవోదయ అనే నిర్మాణ సంస్థ వాళ్లు 1984లో 'మై డియర్ కుట్టిచ్చాత్తన్'తో దేశంలో మొదటి త్రీడీ సినిమా తీశారు. సాంకేతికతలో వెనకబడ్డ పరిశ్రమ అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక పతనం గురించి కూడా చెప్పుకోవాలి. 1990ల చివర నుంచి 2010 దాకా అక్కడ సినిమా బాగా చతికిలబడింది. మీసం మెలేసే జమీందారు పాత్రలు, ఇద్దరు అగ్రతారల చుట్టూ తిరిగే కథలు, ఇంకోవైపు శృంగార చిత్రాల వరద. ఎంతో మంచి నటులు ఆ పదేళ్లలో మూస డైలాగులు చెప్పారు. అంటే గ్రంథాలయాలు, సొసైటీలు, ఉత్సవాలు అన్నీ ఉండగానే పతనం వచ్చింది. ఆ పునాది పడిపోకుండా ఆపలేదు, పడ్డాక లేవడానికి మాత్రం పనికొచ్చింది.

2011 జనవరిలో 'ట్రాఫిక్' వచ్చింది. కొచ్చి నుంచి పాలక్కాడ్‌కు గుండెను తీసుకెళ్లే కారు. ఒకే హీరో లేడు, సమాంతరంగా నడిచే నాలుగైదు జీవితాలు. దర్శకుడు రాజేశ్ పిళ్ల, రచయితలు బాబీ-సంజయ్. ఆ సినిమా ఆడటంతో తలుపు తెరుచుకుంది. డిజిటల్ కెమెరా అప్పుడప్పుడే చవకైంది, టీవీ చానెళ్లు శాటిలైట్ హక్కులకు మంచి ధర ఇస్తున్నాయి. కుర్రాళ్లు గుంపులు గుంపులుగా వచ్చారు. నటుడే నిర్మాత, రచయితే దర్శకుడు, ఛాయాగ్రాహకుడే మరో సినిమాకు దర్శకుడు. ఒకరి సినిమాకు ఒకరు పనిచేయడం వాళ్ల పద్ధతి. 'మహేశింటె ప్రతికారం' (2016)లో ఇడుక్కి కొండల ఎండ, వాన, చెప్పుల చప్పుడు కూడా కథలో భాగం. ఆ శబ్దం కూర్చినవాళ్ల ఓపికకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

మస్కట్ మధు

గల్ఫ్ గురించి ఎవరూ రాయలేదేమిటి? నేను ఒమన్‌లో ఉంటాను. మా పనిచోట సగంమంది మలయాళీలు. శుక్రవారం వస్తే వాళ్లకు కొత్త సినిమా చూడటం నియమం. కేరళ జనాభా చిన్నదని సింగిల్ స్క్రీన్ గారు అన్నారు, నిజమే. కానీ దుబాయ్, దోహా, మస్కట్, రియాద్ కలిపితే వాళ్లకు ఇంకో జిల్లా ఉన్నట్లే. కేరళలో విడుదలైన రోజునే ఇక్కడా విడుదల చేస్తారు. ఇక్కడి వసూళ్లు లేకపోతే ఈ మధ్య వచ్చిన పెద్ద అంకెలు ఉండేవి కావు.

డబ్బే కాదు, కథలు కూడా ఇక్కడ నుంచే వెళ్లాయి. ఎడారిలో మేకల కాపరిగా చిక్కుకుపోయిన వలస కూలీ జీవితం మీద బెన్యామిన్ రాసిన నవల 'ఆడుజీవితం' 2024లో సినిమాగా వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి వచ్చిన మనవాళ్లు ఇక్కడ ఎంతమంది లేరు? వాళ్ల మీద మనకు పాటలు ఉన్నాయి, పత్రికల్లో వార్తలు ఉన్నాయి. తెరమీద ఆ బాధ నిండుగా కనిపించింది ఎప్పుడు? ఇది నాకు ఎప్పటి నుంచో గుండెలో ఉన్న ప్రశ్న.

నల్గొండ పాఠకుడు

మధు గారూ, మీ ప్రశ్న ఈ చర్చ మొత్తానికి మూలం. మనం వాళ్ల కథలు కొనుక్కుంటున్నాం, మన కథలు రాసుకోవడం లేదు. 'హిట్లర్' నుంచి 'దృశ్యం' దాకా, 'ప్రేమమ్' నుంచి 'భీమ్లా నాయక్', 'గాడ్‌ఫాదర్' దాకా పట్టిక ఎంత పొడవో చూడండి.

సింగిల్ స్క్రీన్

రీమేక్‌ను అంత తేలికగా తోసిపుచ్చవద్దు. 'దృశ్యం' తెలుగులో మా థియేటర్‌లో కుటుంబాలతో నిండింది. అసలు మలయాళ చిత్రాన్ని ఆ రోజుల్లో మా ఊరికి ఎవరు తెచ్చేవారు? 'మహేశింటె ప్రతికారం'ను 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'గా తీసినప్పుడు వెంకటేశ్ మహా కథను అరకు తీసుకెళ్లి, అక్కడి మనుషుల మాటతో నింపాడు. అదీ పద్ధతి. ఊరిని మార్చగలిగితే రీమేక్ కూడా సొంత సినిమాయే.

రెండోది, ఇది ఒకవైపు ప్రయాణం కాదు. 'శంకరాభరణం' కేరళలోనూ ఆడి జనాన్ని ఉర్రూతలూగించింది. అల్లు అర్జున్‌కు అక్కడ ఉన్న అభిమానం మీకు తెలిసిందే.

ఎడిటింగ్ బల్ల

ఊరి సంగతి వచ్చింది కాబట్టి 'ప్రేమలు' (2024) చెప్పుకోవాలి. అది కేరళ పిల్లల కథే, జరిగేది మాత్రం హైదరాబాద్‌లో. మన నగరంలో అద్దె గదులు, మన టీ కొట్లు, ఉద్యోగం కోసం వచ్చిన పిల్లల తంటాలు. మార్చిలో తెలుగు మాటలతో వచ్చినప్పుడు ఇక్కడి కుర్రాళ్లు తమ సినిమాగానే చూశారు. హైదరాబాద్‌కు బతకడానికి వచ్చిన యువకుడి జీవితం ఇంత చనువుగా చూపించడానికి ఇంకో రాష్ట్రం వాళ్లు రావలసి వచ్చిందే అన్న బాధ మాత్రం నాకు పోలేదు.

వెన్నెల వాకిలి

పొగడ్తలన్నీ నిజమే. నేను మళ్లీ రోజీ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ కథ అక్కడితో ఆగిపోలేదు.

2017 ఫిబ్రవరిలో కొచ్చిలో ఒక నటిని కారులో అపహరించి దాడి చేశారు. ఆ తర్వాత అక్కడి నటీమణులు, సాంకేతిక నిపుణులు కలిసి 'విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్' ఏర్పాటు చేసుకున్నారు. వాళ్లు ముఖ్యమంత్రిని కలిసి అడిగితే, సినిమా రంగంలో స్త్రీల స్థితిగతులు పరిశీలించడానికి ఆ ఏడాదే జస్టిస్ హేమ కమిటీ ఏర్పడింది. ముగ్గురు సభ్యుల్లో ఒకరు మన శారద గారే. కమిటీ 2019 డిసెంబరు 31న నివేదిక ఇచ్చింది. అది నాలుగున్నరేళ్లకు పైగా బీరువాలో ఉండిపోయి, కొన్ని భాగాలు తొలగించాక 2024 ఆగస్టు 19న వెలుగు చూసింది. లైంగిక వేధింపుల నుంచి, బట్టలు మార్చుకోవడానికి చోటు, మరుగుదొడ్డి కూడా లేని పనిచోట్ల దాకా పదిహేడు రకాల సమస్యలు అందులో ఉన్నాయి. ఆ ఒత్తిడికి అదే నెలలో నటీనటుల సంఘం 'అమ్మ' కార్యవర్గం మొత్తం రాజీనామా చేసింది. 2025 ఆగస్టులో ఆ సంఘానికి తొలిసారి ఒక స్త్రీ, శ్వేతా మీనన్, అధ్యక్షురాలైంది.

తెరమీద 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) తీసిన పరిశ్రమ ఇదే. పెద్ద ఓటీటీలు మొదట కాదంటే ఒక చిన్న వేదిక మీద వచ్చిన సినిమా అది. వంటింట్లో రోజూ జరిగే అవమానాన్ని అంత నిశితంగా చూపించిన పరిశ్రమలోనే స్త్రీలు పనిచేసే చోట మరుగుదొడ్డి లేదు. ఈ రెండింటినీ కలిపి చూడాలి. కలెక్టివ్ వాళ్లు పెట్టిన ఫిల్మ్ సొసైటీకి పి.కె. రోజీ పేరు పెట్టుకున్నారు. నాకు వాళ్ల ఎదుగుదలలో అన్నిటికంటే పెద్ద మెట్టు అదే.

కాగితపు పడవ

వెన్నెల గారూ, మీ ఆవేదన అర్థమైంది. కానీ చర్చ సినిమా ఎదుగుదల గురించి. దీనికి వేరే చర్చ మొదలుపెడితే బాగుంటుందేమో?

వెన్నెల వాకిలి

వేరే చర్చ అక్కర్లేదు. కెమెరా ముందు నిలబడేవాళ్లు, దుస్తులు కుట్టేవాళ్లు, జుట్టు దువ్వేవాళ్లు భయంతో పనిచేస్తే అది పరిశ్రమ ఎదుగుదల ఎలా అవుతుంది? ఆ నివేదిక బయటికి రాగానే సమంత గారు మన తెలంగాణ ప్రభుత్వానికి విజ్ఞప్తి చేశారు, తెలుగు పరిశ్రమ గురించి ఉపసంఘం ఇచ్చిన నివేదికను కూడా బయటపెట్టమని. కేరళ నుంచి మనం అరువు తెచ్చుకోవలసిన మొదటి కథ అదేనని నా అభిప్రాయం.

తెనాలి రైలు

వెన్నెల గారి మాటతో నేను నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను. ఈ చర్చలోనే ఉండనివ్వండి.

సింగిల్ స్క్రీన్

డబ్బు సంగతి పూర్తి చేస్తాను. 2016లో 'పులిమురుగన్' నూరు కోట్లు దాటినప్పుడు అదే పెద్ద వింత. 2024లో 'మంజుమ్మెల్ బాయ్స్' రెండువందల కోట్లు దాటింది, తమిళనాడులో అనువాదం కూడా లేకుండా ఆడింది. 2025 ఆగస్టులో వచ్చిన 'లోక' మూడువందల కోట్లు దాటింది. కథానాయిక కేంద్రంగా నడిచే సినిమాకు దక్షిణాదిలో ఇంత వసూలు రావడం చిన్న విషయం కాదు.

కానీ ఇదే 2024లో అక్కడ దాదాపు రెండువందల సినిమాలు విడుదలైతే, లాభం చూసినవి ముప్పై లోపేనని కేరళ నిర్మాతల సంఘమే చెప్పింది. నటుల పారితోషికాలు పెరిగాయి. ఓటీటీ సంస్థలు మునుపటిలా ముందుగా కొనడం మానేశాయి, థియేటర్‌లో ఆడితేనే ధర చెబుతున్నాయి. శాటిలైట్ హక్కుల ఆదాయం ఎండిపోయింది. నేను భయపడేది ఒక్కటే. మూడువందల కోట్ల రుచి చూసిన పరిశ్రమ అందరికీ నచ్చే కథ కోసం పరుగెడితే, ఊరి పేరు చెరిపేసే మన జబ్బు వాళ్లకూ అంటుకుంటుంది. మేం ఆ దారిలో ముందే నడిచినవాళ్లం కాబట్టి చెబుతున్నాను.

కొచ్చి కొలువు

ఆ భయం ఇక్కడివాళ్లకూ ఉంది. రోజూ టీ కొట్టు దగ్గర దాని మీదే వాదనలు. అయితే పెద్ద హిట్లు వచ్చిన అదే 2024 ఫిబ్రవరిలో మమ్ముట్టి నటించిన 'భ్రమయుగం' మొత్తం నలుపు తెలుపులో వచ్చి థియేటర్లలో ఆడింది. డెబ్బై దాటిన అగ్రనటుడు రాక్షసుడిలాంటి ముసలి భూస్వామిగా కనిపించడానికి ఒప్పుకున్నాడు, జనం టికెట్ కొన్నారు. అంత పెద్ద తార అలాంటి పాత్ర వేయడానికి సిద్ధపడినంతకాలం నాకు ఆశ ఉంది.

కొత్త కలం

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ చదువుతూ కథలు రాస్తున్నాను, స్క్రీన్‌ప్లే నేర్చుకోవాలని ఉంది. ఈ చర్చ మొత్తం చదివాను. మలయాళం రాదు. ఉపశీర్షికలతోనే చూడాలి. పాతవాటిలో ఎక్కడ మొదలుపెట్టమంటారు? నేరుగా అడూర్ సినిమాలు చూస్తే అర్థమవుతాయా?

ఎడిటింగ్ బల్ల

తమ్ముడూ, 'యవనిక'తో మొదలుపెట్టు. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఏ సన్నివేశంలో ఏ విషయం దాచారో కాగితం మీద రాసుకుంటూ చూడు. ఆ తర్వాత ఫాజిల్ 'మణిచిత్రత్తాళ్' (1993). 'చంద్రముఖి' చూసి ఉంటావు కదా, అసలు రూపంలో ఆ కథ ఎంత నిదానంగా, ఎంత మర్యాదగా ఒక స్త్రీ మనసులోకి వెళ్తుందో గమనించు.

కొచ్చి కొలువు

బాబూ, నేను కొంచెం చేరుస్తాను. అడూర్ సినిమాకు భయపడవద్దు. 'ఎలిప్పత్తాయం' (1981)లో మారుతున్న కాలాన్ని ఒప్పుకోలేని ఒక పాతకాలపు ఇంటి యజమాని కనిపిస్తాడు. అలాంటి పెద్దమనిషి మన ఊళ్లలోనూ ఉంటాడు, అందుకే నీకు కొత్తగా అనిపించదు. అరవిందన్ 'కుమ్మాట్టి' (1979), 'తంపు' (1978) ఈ మధ్య పునరుద్ధరించారు. 'తంపు' పునరుద్ధరించిన ప్రతిని 2022లో కాన్ ఉత్సవంలో వేశారు. దొరికితే పాత మసక ప్రతులు కాకుండా అవి చూడు.

చూసిన ప్రతి సినిమా తర్వాత మీ ఊళ్లో జరిగిన ఒక సంగతిని, మీ ఊరి మాటలోనే, రెండు పేజీల సన్నివేశంగా రాసి ఇక్కడ పెట్టు. నేనూ, ఎడిటింగ్ బల్ల గారూ చదివి మా అభిప్రాయం రాస్తాం.